పెరటి కోళ్లు ఒక్కసారిగా వాలిపోతుంటే...

ప్రశ్న: డాక్టరు గారూ, మాది తణుకు దగ్గర పల్లెటూరు. పెరట్లో ఇరవై దాకా నాటుకోళ్లు ఉండేవి. మా ఆయన సంతలో ఒక డేగ పుంజుని కొని తెచ్చి, మా కోళ్లతోపాటే గూట్లో కమ్మారు. వారం తిరిగేసరికి కోళ్లు మేత మానేసి మూల చేరి తూగడం మొదలెట్టాయి. పచ్చగా పారుతున్నాయి. నోరు తెరిచి గురక పెడుతున్నాయి. తెల్లారి గూడు తీస్తే నాలుగైదు చచ్చి ఉంటున్నాయి. ఒక పెట్టకి మెడ మెలితిరిగింది, నూకల మీద పొడిస్తే ముక్కు పక్కన నేలకి తగులుతోంది. షాపులో ఇచ్చిన పొడి నీళ్లలో కలిపి పెట్టినా గుణం లేదు. ఇది బర్డ్ ఫ్లూనా? మిగిలినవి కోసుకోవచ్చా? ఒక పెట్టని పొదగేశాను, ఆ గుడ్లు ఏం చేయను?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ మెడ సంగతి చదవగానే నాకు తట్టింది కొక్కెర తెగులే. వైరస్ నరాలకెక్కితే గింజ కనబడుతున్నా ముక్కు గురి తప్పుతుంది. ఈ కొక్కెరనే రాణిఖేత్ అంటారు. పేరు ఉత్తరాఖండ్‌లో కుమావూ కొండల్లోని ఊరిది. దీనికి మనం వేసే ఆర్‌టూబీ టీకా పుట్టిందీ ఆ కొండల్లోనే, ముక్తేశ్వర్‌లో.

అయినా బర్డ్ ఫ్లూ కాదని ఉత్తరం చూసి చెప్పేయను. 2025 ఫిబ్రవరిలో మీ పక్కనే వేల్పూరు, కానూరు ఫారాల్లో కోళ్లు చస్తే, భోపాల్ ల్యాబులో పరీక్ష చేశాకే అది బర్డ్ ఫ్లూ అని తేలింది. తురాయి నల్లబడినా, తల వాచినా, కాళ్ల మీద రక్తపు మచ్చలున్నా అనుమానం ఎక్కువ. ఆలస్యం చేయకుండా పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోను చేయండి, లేదా పశువుల ఆసుపత్రిలో చెప్పండి. చచ్చిన కోడిని మేం కోసి చూసేటప్పుడు కందనకాయకి పైనుండే మెత్తటి సంచి తెరుస్తాం. లోపలి గోడ మీద సూదితో పొడిచినట్టు ఎర్ర చుక్కలుంటే కొక్కెర అనుకుంటాం. ఖాయం చేసేది మాత్రం ల్యాబే. ఆ కోత ఇంట్లో మీరు చేయకండి.

షాపు పొడి మీద ఇంక డబ్బు పోయకండి. వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదు. జబ్బు పడినవాటికి ఇప్పుడు టీకా వేసినా లాభం లేదు. చచ్చినవాటిని చేతికి కవరు తొడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని తీసి, లోతుగా గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చండి. కాలవలో వేస్తే కింది ఊళ్లకి మీరే జబ్బు పంపినట్టు. తూగుతున్నవాటిని సంతకి తోలడం అంతకన్నా పాపం. ఆ డేగ పుంజు మీ ఇంటికి అలాగే వచ్చి ఉంటుంది. పైకి నిక్షేపంగా ఉన్న కోడిలోనూ జబ్బు దాగి ఉంటుంది గనక, కొత్తదాన్ని కనీసం మూడు వారాలు వేరే గంప కింద ఉంచాలి.

మళ్లీ పెంచాలంటే గూడు కడిగి, సున్నం కొట్టి, నెల రోజులు ఖాళీగా వదలండి. కోడిపిల్లలకి ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా అనే కొక్కెర టీకా చుక్క కంట్లోగాని ముక్కులోగాని వేయించాలి, నాలుగో వారంలో ఇంకోసారి. ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ, రెక్క కింద అర మిల్లీలీటరు. అంతకన్నా చిన్న పిల్లలకి ఆ సూది వద్దు, తట్టుకోలేవు. పెరటి కోళ్లవాళ్లకి వచ్చే చిక్కల్లా సీసాతోనే. ఒక్కో సీసాలో వంద కోళ్లకో అంతకు మించో సరిపడా మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. అందుకని వీధిలో నలుగురూ ఒకరోజు అనుకుని, ఫ్లాస్కులో ఐసు వేసి తెచ్చుకుని, చీకటితోనే కోళ్లు గూట్లో ఉండగా వేయించుకోండి. తెల్లారి వదిలేశాక నాటుకోడిని పట్టుకోవడం ఎవరి తరం!

ఏ జబ్బో తేలేదాకా మిగిలినవి కోయొద్దు. బర్డ్ ఫ్లూ అయితే బొచ్చు పీకే చేతులకే ముందు ముప్పు. కొక్కెరైనా ఆ చేయి కంటికి తగిలితే నాలుగు రోజులు కళ్లు ఎర్రబడతాయి. పొదుగు గుడ్లు కూడా ఆ గోతిలోనే వేసేయండి. వాటిని పొదిగించినా పిల్లలు దక్కుతాయన్న నమ్మకం లేదు, పెంకు మీద రెట్ట అంటిందంటే జబ్బు ఆ గంపలోనే తిరుగుతుంటుంది.