మొదటిసారి ఎయిర్‌సాఫ్ట్‌కి వెళ్ళే గుంటూరు అబ్బాయికి

జులైలో నేను విజయవాడ వచ్చానంటే మా సత్యనారాయణపురం ఇంట్లో ఒక దర్బారు మొదలవుతుంది. ఆగస్టులో అమెరికా విమానం ఎక్కబోయే పిల్లలు, వాళ్ళ వెనకాల సంచులతో అమ్మలు. ఆవకాయకి ఎన్ని కవర్లు చుట్టాలి, కుక్కరు ఏ సూట్‌కేసులో పెట్టాలి, అక్కడ కరివేపాకు దొరుకుతుందా? పంతొమ్మిదేళ్ళుగా డాలస్ పక్కన ఉంటున్నదాన్ని, ఈ ప్రశ్నలకి నిద్రలో లేపినా జవాబు చెప్పగలను. మొన్న గుంటూరు నుంచి వచ్చిన మా అక్క కొడుకు మాత్రం, అందరూ కాఫీలకి లేచేదాకా ఆగి, పక్కకొచ్చి మెల్లగా అడిగాడు. "పిన్నీ, అక్కడ మా సీనియర్లు శనివారాలు ఎయిర్‌సాఫ్ట్ ఆడతారట. నన్నూ రమ్మంటున్నారు. వెళ్ళొచ్చా? వెళ్ళగానే గన్ను కొనుక్కోవాలా?"

వాడు ఎంత మెల్లగా అడిగినా వంటింట్లో ఉన్న వాళ్ళమ్మకి, అంటే మా పెదనాన్న కూతురికి, ఆ ఒక్క మాటా వినపడింది. "గన్నా?" అంటూ చేతిలో పాలగిన్నెతో వచ్చేసింది.

ఆ పూట ఇద్దరికీ కలిపి చెప్పిన జవాబిది. ఇదే సందేహం ఇంకో నలుగురు అడిగారు కాబట్టి రాసి పెడుతున్నాను.

ముందు అక్క కోసం. అక్కా, పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌లో, అదే ఇప్పుడు అంబేడ్కర్ విగ్రహం ఉన్నచోట, ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు బుడగలు కొట్టే తుపాకీ ఉండేది చూడు, దానికి ఇది దూరపు చుట్టం. ఇందులో పేలే మందు ఉండదు. బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు ఒక స్ప్రింగుని వెనక్కి లాగి వదులుతుంది, ఆ గాలి తోపుకి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు బయటికొస్తుంది. మినపగింజ కంటే కాస్త పెద్దది, బఠాణీ కంటే చిన్నది. బరువు ఒక గ్రాములో ఐదో వంతు. జపాన్‌లో అసలు తుపాకులు జనానికి దాదాపు దొరకవు కాబట్టి, ఆ ముచ్చట తీర్చుకోవడానికి 1970లలో వాళ్ళు మొదలెట్టిన ఆట. 1991లో టోక్యో మరుయి అనే బొమ్మల కంపెనీ బ్యాటరీ తుపాకీ తెచ్చాక ఇది ఊళ్ళు దాటింది. ఇప్పుడు అమెరికాలో పాత గోడౌన్లలో, ఊరి బయట చెట్ల మధ్య దీనికోసమే ఫీల్డులు పెట్టారు. రెండు జట్లుగా విడిపోయి, డ్రమ్ముల వెనకా టైర్ల వెనకా దాక్కుంటూ కొట్టుకుంటారు. దాగుడుమూతలే, కాకపోతే కాస్త చురుక్కుమంటుంది.

ఎంత చురుక్కుమంటుంది? మా అబ్బాయి పద్నాలుగో పుట్టినరోజుకి వాడి స్నేహితులతో పాటు నన్నూ లాక్కెళ్ళారు. జీన్సు మీదో మందపాటి చొక్కా మీదో తగిలితే ఎవరో వేలితో గట్టిగా మీటినట్టుంటుంది. నాకు మాత్రం కుడిచేతి మధ్యవేలి కణుపు మీద తగిలింది. గ్లవ్స్ వేసుకోలేదు, ఎందుకులే అనుకున్నా. వారం రోజులు చపాతీ కర్ర పట్టుకున్నప్పుడల్లా ఆ కణుపు నన్ను పలకరించింది. అందుకని నాన్నా, వేళ్ళు కప్పే గ్లవ్స్ ముఖ్యం. తోటపని గ్లవ్స్ అయినా పర్లేదు.

ఇక అసలు సంగతి కళ్ళు. ఫీల్డులో మామూలుగా అనుమతించే వేగం సెకనుకి 350 నుంచి 400 అడుగుల మధ్య ఉంటుంది. ఆట మొదలయ్యే ముందు 0.20 గ్రాముల గుండు వేసి, క్రోనోగ్రాఫ్ అనే యంత్రం ముందు కాల్చి చూస్తారు. 350 అంటే గుండుకి సుమారు 1.14 జౌల్స్ శక్తి. చర్మానికి అది మచ్చ, కంటికి మాత్రం చూపు పోయేంత దెబ్బ. నీ కళ్ళజోడు దీనికి అడ్డం కాదు, పక్కల నుంచి అంతా ఖాళీయే. ముఖమంతా కప్పే మాస్కు తీసుకో, దాని మీద జెడ్87 అని ముద్ర ఉందో లేదో చూడు. ఏఎన్ఎస్ఐ జెడ్87.1 అనేది అక్కడ కంటి రక్షణ సామాన్లకి ఉన్న ప్రమాణం. కళ్ళకి గాగుల్స్ మాత్రం పెట్టుకుని నోరు వదిలేసేవాళ్ళుంటారు. ముందు పళ్ళు విరిగితే అక్కడి డెంటిస్టు బిల్లు చూసి మీ నాన్న గుంటూరులో కూలబడతాడు.

కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఇంకో బాధ, ఆవిరి. పరిగెత్తి వచ్చి ఆగగానే మాస్కు అద్దమంతా పొగమంచు పట్టినట్టవుతుంది, కింద కళ్ళజోడు మీద ఇంకో పొర. ఏమీ కనపడదు. అప్పుడు చెయ్యి దానంతటదే మాస్కు పైకెత్తడానికి పోతుంది. ఎత్తకూడదు. ఎంత చెమట పట్టినా, ఏమీ కనపడకపోయినా, ఫీల్డులో ఉండగా మాస్కు తియ్యకూడదు. ఆరోజు మావాడి స్నేహితుడొకడు రెండు సెకన్లు ఎత్తాడు, రిఫరీ ఈల ఊది ఆట మొత్తం ఆపేశాడు, వాడిని బయట కూర్చోబెట్టాడు. కనపడకపోతే చెయ్యి పైకెత్తి, "హిట్", అంటే నాకు తగిలింది, అవుటయ్యాను అని అరిచి బయటికి నడిచి వచ్చెయ్. బయట సేఫ్ జోన్‌లో తుడుచుకో. వెళ్ళే ముందు అద్దం లోపలివైపు ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ రాసి, మెత్తటి గుడ్డతో తుడిచేస్తే చాలాసేపు ఆవిరి పట్టదు. అద్దం బదులు ఇనప జాలీ ఉండే గాగుల్స్‌కి ఆవిరి బాధే లేదు కానీ, గుండు పగిలితే ముక్క లోపలికి రావచ్చు. నాకు వాటి మీద నమ్మకం లేదు.

పెయింట్‌బాల్‌కీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. అందులో తగిలితే రంగు అంటుకుంటుంది, దాచలేవు. ఇందులో మరకుండదు. తగిలిన సంగతి తగిలినవాడికే తెలుస్తుంది, వాడే ఒప్పుకోవాలి. మన గల్లీ క్రికెట్‌లో బ్యాటు అంచుకి తగిలి కీపర్ పట్టుకున్నా అమ్మ మీద ఒట్టేసి తగల్లేదనేవాళ్ళు చూడు, అలాంటివాడికి అక్కడ రెండో శనివారం పిలుపు రాదు. తుపాకీకి తగిలినా, బూటుకి తగిలినా, తగిలిందో లేదో నీకే అనుమానంగా ఉన్నా "హిట్" అనేసెయ్. అవుటైనట్టు గుర్తుగా ఎర్ర గుడ్డ నెత్తిన వేసుకుని పక్కకి నడువు. నువ్వు కొట్టినవాడు ఒప్పుకోకపోతే మాత్రం వాదనకి దిగకు, రిఫరీకి చెప్పి వదిలెయ్. బాగా దగ్గరికి వచ్చినప్పుడు కాల్చకుండా "సరెండర్" అని నోటితో అనాలనే నియమం కొన్ని చోట్ల ఉంటుంది, ఎన్ని అడుగులో ఫీల్డుని బట్టి మారుతుంది. ఆట ముందు పావుగంట నియమాలు చదువుతారు. ఫోను చూసుకోకుండా విను, యాస అర్థం కాకపోతే మళ్ళీ అడుగు. ఎవరూ ఏమీ అనుకోరు.

నీ గురి గురించి బెంగ వద్దు. మొదటిరోజు ఎవరికీ ఏమీ తగలదు. తుపాకీలో హాప్-అప్ అని చిన్న రబ్బరు ముక్క ఉంటుంది, గుండు వెళ్ళేటప్పుడు దాన్ని పైనుంచి రాసి వెనక్కి తిప్పుతుంది. ఆ తిరుగుడు వల్లే గుండు వెంటనే నేలకి వాలిపోకుండా నలభై యాభై మీటర్లు పోతుంది. అద్దె తుపాకీలో అది సరిగ్గా లేకపోతే గుండు ఆకాశంలోకి లేస్తుంది, లేదా పది అడుగుల్లో కూలుతుంది. తప్పు నీదనుకోకు, కౌంటర్ దగ్గరికి పట్టుకెళ్ళు, అర నిమిషంలో సరిచేస్తారు.

అద్దె అన్నాను కదా, కొనడం సంగతికి వద్దాం. కొనకు. కనీసం ఐదారుసార్లు ఆడేదాకా కొనకు. మేము వెళ్ళిన చోట ఎంట్రీ, తుపాకీ, మాస్కు అన్నీ కలిపి మనిషికి యాభై డాలర్ల పైచిలుకు అయింది. కొనాలంటే తుపాకీ, బ్యాటరీ, ఛార్జరు, మాస్కు కలిపి రెండు మూడు వందలు. మొదటి సెమిస్టర్‌లో ఆ డబ్బు నీకు నెల సరుకులు. డబ్బు కంటే పెద్ద కారణం ఇంకోటుంది, అక్క ఎదురుగా చెప్పడానికి కాస్త వెనకాడాను కానీ చెప్పాను.

ఫీల్డులో జరిగే ప్రమాదం చిన్నది. ఫీల్డుకీ ఇంటికీ మధ్య దారిలోనే పెద్దది. ఆ పుట్టినరోజు అయ్యాక మావాడు పోరి పోరి ఒకటి కొనిపించుకున్నాడు. ఒక ఆదివారం ఆడి ఇంటికొచ్చాం. నేను కారు వెనక సామాన్లు తీస్తున్నాను. వాడు తుపాకీని సంచిలో పెట్టకుండా, అలాగే భుజాన వేసుకుని డ్రైవ్‌వే మీద నడుస్తున్నాడు. వీధి అవతల ఎవరు చూశారో ఎవరికి ఫోన్ చేశారో తెలీదు. మేము లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కునేలోపు రెండు పోలీసు కార్లు వచ్చి ఆగాయి. నేను రెండు చేతులూ కనపడేలా పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "అది బొమ్మ, సోఫా మీద ఉంది, మా అబ్బాయి వంటింట్లో ఉన్నాడు" అని ఒక్కో మాటా విడివిడిగా చెప్పాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది. వాళ్ళు మర్యాదగానే మాట్లాడి, చూసి వెళ్ళిపోయారు. మావాడు ఆ రాత్రి అన్నం తినలేదు. తుపాకీని మర్నాడే వాడే అమ్మేశాడు, నేను అడగలేదు.

మాకు అంతటితో పోయింది. 2014 నవంబరులో ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో 12 ఏళ్ళ నల్లజాతి పిల్లవాడు పార్కులో ఇలాంటి ఎయిర్‌సాఫ్ట్ తుపాకీతో ఆడుకుంటుంటే ఎవరో ఫోన్ చేశారు. పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే కాల్చేశారు, ఆ పిల్లవాడు చనిపోయాడు. ఆ బొమ్మకి కొసన ఉండాల్సిన నారింజ రంగు లేదు. అమెరికాలో ఇలాంటివి అమ్మేటప్పుడు గొట్టం కొసన ఆ రంగు ఉండాలని ఫెడరల్ నియమం. అది ఉన్నా, దూరం నుంచి, చీకట్లో, మన రంగు మనిషి చేతిలో ఎవరికి కనపడుతుంది? అందుకని ఎవరి తుపాకీ అయినా సరే, గుండ్లు నింపే మ్యాగజైన్ తీసి, బ్యాటరీ తీసి, జిప్పున్న సంచిలో పెట్టి డిక్కీలో ఉంచాలి. దారిలో పెట్రోలు బంకు దగ్గర తీసి చూపించుకోకూడదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పట్టుకుని రీల్స్ తియ్యకూడదు. క్యాంపస్‌లోకి అసలే వద్దు, చాలా యూనివర్సిటీలు బొమ్మ తుపాకులని కూడా నిషేధించాయి. వీసా ఫారం డీఎస్-160లో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని ఒక ప్రశ్న ఉంటుంది. శిక్ష పడిందా అని మాత్రమే కాదు, అరెస్టయ్యారా అని. సరదాకి తీసిన వీడియో ఆ గడిలో "అవును" అని రాయించే పరిస్థితి తెచ్చిపెట్టగలదు.

ఇంతలో వాడు ఇంకో ప్రశ్న వేశాడు, "మరి సీనియర్లు నిజం తుపాకీ కాల్చే రేంజికి కూడా వెళ్తారట కదా?" వెళ్తారు, ఫోటోలూ పెడతారు. కానీ ఎయిర్‌సాఫ్ట్‌లో పేలే మందు లేదు కాబట్టి ఫెడరల్ చట్టం దృష్టిలో అది తుపాకీ కాదు. అసలు తుపాకీ అలా కాదు. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు దాన్ని దగ్గర పెట్టుకోవడం, రేంజిలో అద్దెకి తీసుకోవడంతో సహా, మామూలుగా నిషేధం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి ఉండేలాంటి మినహాయింపులు కొన్నున్నాయి. ఆ ఫోటోలు చూసి ఉబలాటపడకు.

అమెరికా కాక వేరే దేశం వెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. ఇంగ్లండులో నిజం తుపాకీలా కనపడేది కొనాలంటే 18 ఏళ్ళు నిండాలి, ఆటగాడివని చూపించాలి. యుకారా అనే రిజిస్టర్‌లో చేరడానికి కనీసం 56 రోజుల వ్యవధిలో మూడుసార్లు ఆడి ఉండాలి. అంటే అక్కడ అద్దెతో మొదలుపెట్టడం సలహా కాదు, దాదాపు నియమమే. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో ఎయిర్‌సాఫ్ట్ చట్టవిరుద్ధం, సింగపూర్‌లోనూ అంతే. అమెరికాలోనూ ఊరికో రూలు ఉంటుంది, న్యూయార్క్ నగరంలాంటి చోట్ల మరీ గట్టిగా. ఇండియాకి మాత్రం తమ్ముడికి బహుమతి అంటూ సూట్‌కేసులో పెట్టుకు రాకు. గన్నవరం ఎయిర్‌పోర్టులో అది బొమ్మేనని నిరూపించే పని నీ నెత్తిన పడుతుంది.

ఎండ గురించి చెబుతుంటే వాడు నవ్వాడు. "గుంటూరు వాణ్ణి పిన్నీ, నాకు ఎండ చెబుతావా?" అన్నాడు. గుంటూరులో మే నెల మధ్యాహ్నం ముఖానికి ప్లాస్టిక్ మాస్కు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గ్లవ్స్, మడమలు కప్పే బూట్లు వేసుకుని పరిగెత్తావా ఎప్పుడైనా అన్నాను. టెక్సస్‌లో ఆగస్టు అంతా అలాగే ఉంటుంది. నీ మొదటి ఆట అక్టోబరులో పెట్టుకో, లేదా ఏసీ ఉన్న ఇండోర్ ఫీల్డు చూసుకో. అప్పటికి యూనివర్సిటీ ఇన్సూరెన్స్ కూడా మొదలై ఉంటుంది. ఫీల్డులో "దెబ్బ తగిలితే మా పూచీ లేదు" అన్న కాగితం మీద ముందే సంతకం పెట్టించుకుంటారు మరి.

అక్క అంతా విని, పాలగిన్నె బల్ల మీద పెట్టి, "కళ్ళజోడు విరిగితే అక్కడ ఎంతవుతుందే?" అని అడిగింది. చెప్పాను. సాయంత్రం గుంటూరు బస్సెక్కే ముందు తల్లీకొడుకులు గవర్నర్‌పేటలో ఆగి ఇంకో రెండు జతల అద్దాలకి ఆర్డరిచ్చి వెళ్ళారు.