మెగ్గర్‌కు క్యాలిబ్రేషన్ గడువు ఉన్నా రీడింగ్ తప్పుగా రావచ్చా?

మీ మిల్లులోని 500 వోల్టుల మెగ్గర్‌కు (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) క్యాలిబ్రేషన్ గడువు ఇంకా ఉన్నా, రీవైండింగ్ షాపు వారి మెగ్గర్‌తో దాని రీడింగులు కలవడం లేదని, దేనిని నమ్మాలని అడిగారు. గడువు స్టిక్కరును నమ్మి నేనొకసారి దెబ్బతిన్నాను కనుక ముందు ఆ సంగతి చెబుతాను.

గోదావరి జిల్లాల్లోని ఒక బియ్యం మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూసేవాడిని. ఒక ఆగస్టులో, నాలుగు రోజులు విడవకుండా ముసురు పట్టిన తరువాత, 15 హెచ్‌పీ మోటారు వైండింగ్‌కూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ చూస్తే 0.8 మెగాఓమ్ వచ్చింది. 415 వోల్టుల మోటారుకు 1 మెగాఓమ్ కంటే తగ్గితే నడపకూడదన్నది మా మిల్లులో పాటించిన లెక్క కాబట్టి, దానిని దింపించి ట్రాలీ ఆటోలో రీవైండింగ్‌కు పంపించాను. విప్పే ముందు మేస్త్రీ తన మెగ్గర్ పెట్టి చూసి, 60 మెగాఓమ్‌లు చూపిస్తున్న మోటారును ఎందుకు పంపారని ఫోన్ చేశాడు.

మా మెగ్గర్ లీడ్లు రెండూ పీకేసి బటన్ నొక్కాను. అనంతం చూపవలసిన మీటరు అప్పుడూ 0.8 దగ్గరే నిలిచింది. టార్చి వేసి చూస్తే రెండు సాకెట్ల మధ్య తవుడు ధూళి, గ్రీజు కలిసి గోధుమరంగు పొరలా పేరుకుని ఉన్నాయి. ముసురు తేమకు ఆ పొరలోంచే కరెంటు లీకవుతోంది. ఆ లీకేజీ మోటారు ఇన్సులేషన్‌కు సమాంతరంగా చేరుతుంది కనుక, మోటారు ఎంత బాగున్నా మీటరు 0.8 దాటదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిస్తే మీటరు అనంతానికి వెళ్లింది. ఇందులో క్యాలిబ్రేషన్ చేసిన ల్యాబ్ తప్పేమీ లేదు. ఏసీ గదిలో, పొడి గాలిలో, వారు పరీక్షించిన రోజున ఆ మీటరు సరిగ్గానే ఉంది.

అప్పటి నుంచి పనికి ముందు లీడ్లను విడిగా ఉంచి ఒకసారి (అనంతం రావాలి), కలిపి ఒకసారి (సున్నా రావాలి) చూడటం అలవాటైంది. మూడో పరీక్ష కూడా సులువే: మల్టీమీటరును 1000 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి మెగ్గర్ లీడ్లను దానికి కలిపితే, మల్టీమీటరులో 500 వోల్టుల చుట్టుపక్కల, మెగ్గర్‌లో మల్టీమీటరు లోపలి నిరోధం, అంటే చాలా మోడళ్లలో దాదాపు 10 మెగాఓమ్‌లు కనిపిస్తాయి. 2.5 కిలోవోల్టుల మెగ్గర్‌తో మాత్రం ఈ పని చేయకండి, మల్టీమీటరు కాలిపోతుంది.

ఇక సర్టిఫికెట్ సంగతి. క్యాలిబ్రేషన్ అంటే మీటరును సరిచేయడం కాదు, ప్రామాణిక పరికరంతో పోల్చి ఎంత తేడా ఉందో రాసివ్వడం మాత్రమే. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చిన కాగితంలోనైనా ఆ తేడాను, దానితోపాటు రాసిన అనిశ్చితిని (ఆ కొలతలోనే ఎంత అటూఇటూ ఉండవచ్చన్న అంచనాను) మీటరు మాన్యువల్‌లోని పరిమితితో మనమే పోల్చుకోవాలి. ఇలాంటి ల్యాబ్‌లు పాటించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రకారం, వినియోగదారుతో ఒప్పందం ఉంటే తప్ప ల్యాబ్ తరువాతి గడువును సూచించకూడదు. కాబట్టి ఏడాది అన్నది మనం పెట్టుకున్న గడువే, ధూళిలో వాడే మీటరుకు దానిని తగ్గించుకోవచ్చు.

మీ విషయంలో, రెండు మెగ్గర్లనూ ఒకే చోట, ఒకే మోటారుపై వెంటవెంటనే పెట్టి చూడండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ విలువ ఇంచుమించు సగానికి పడిపోతుంది కనుక, మిల్లులో వేడి మీద ఒకటి, షాపులో చల్లారాక మరొకటి కొలిచి పోల్చడం కుదరదు. మీ మీటరే తేడాగా ఉంటే శుభ్రం చేసి మళ్లీ చూసి, అప్పటికీ కలవకపోతే ల్యాబ్‌కు పంపండి. ల్యాబ్ వారు మీటరును సవరిస్తే, సవరించక ముందు వచ్చిన రీడింగులను కూడా రాసివ్వమని అడగడం మరవకండి. అవి లేకపోతే ఈ ఏడాది మీరు కొలిచిన మోటార్లలో వేటిని మళ్లీ కొలవాలో తెలియదు.