వాట్సప్ పోల్‌తో సంఘం స్వరూపం మారుతుందా?

ప్రశ్న: మా పట్టణంలోని రెండు చెరువులను, వాటిని కలిపే వాగును కాపాడుకోవాలని 2009లో ఒక సంఘం పెట్టుకుని, 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేయించాం. సభ్యత్వ రిజిస్టరులో 63 పేర్లున్నాయి. వారిలో చందా బకాయి లేనివారు 19 మందే. ఆదివారాల్లో గుర్రపు డెక్క తీయడానికి, అలుగు దగ్గర చెత్త ఎత్తడానికి వచ్చే కార్యకర్తలు మాత్రం మూడు వందల దాకా ఉంటారు. సంఘాన్ని రద్దు చేసి సెక్షన్ 8 కంపెనీగా (లాభాపేక్ష లేని కంపెనీగా) మార్చాలని, తాను జీతం తీసుకునే డైరెక్టరుగా పూర్తికాలం పనిచేస్తానని మా కార్యదర్శి గారు ప్రతిపాదించారు. ట్రస్టు అయితే ఎన్నికల గొడవ ఉండదని కొందరు, వార్డుకొక స్వతంత్ర విభాగం చాలునని మరికొందరు అంటున్నారు. కార్యకర్తల వాట్సప్ గ్రూపులో పోల్ పెడితే కంపెనీకి 112, విభాగాలకు 47 ఓట్లు పడ్డాయి. నిర్ణయం అయిపోయిందని, వ్యతిరేకించేవారి సభ్యత్వం తీసేస్తామని అంటున్నారు. చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దుల ఆక్రమణపై మా సంఘం పేరిట జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచిలో కేసు నడుస్తోంది. సహ కార్యదర్శిగా నేనేం చేయాలి?

జవాబు: మీ సంఘానికి ఏ రూపం మేలన్నది న్యాయవాది తేల్చే విషయం కాదు. ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలి, ఏ పద్ధతిలో తీసుకోవాలి అన్నంతవరకే చట్టానికి పట్టింపు, నా జవాబు కూడా అంతవరకే. ఆ కొలతతో చూస్తే మీ దగ్గర ఇంకా ఏ నిర్ణయమూ జరగలేదు. 112 మంది పోల్‌లో ఓటు నొక్కడం కార్యకర్తల అభిప్రాయాన్ని తెలుపుతుంది, దానికి విలువ ఉంది కూడా. అయితే అది సర్వసభ్య సమావేశం తీర్మానం కాదు. ఆ 112 మందిలో రిజిస్టరులోని 63 మందికి చెందినవారెందరో మీరు రాయలేదు, బహుశా ఎవరూ లెక్కపెట్టి ఉండరు. సంఘం బైలాలు (నియమావళి) సభ్యుల మధ్య కుదిరిన ఒప్పందం వంటివి. వాటిని మార్చే దారి వాటిలోనే రాసి ఉంటుంది.

మీరు పంపిన బైలాల ప్రతి ప్రకారం సవరణకు ప్రత్యేక సర్వసభ్య సమావేశం జరపాలి, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, హాజరైనవారిలో ఐదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు, 'ఓటు హక్కు గల సభ్యులలో మూడో వంతు' అని ఉంది. రెండేళ్ల చందా బకాయి ఉన్నవారికి ఓటు లేదన్న నిబంధన కూడా ఉంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. 19 మందికే ఓటుంటే ఏడుగురు వచ్చి కూర్చుంటే కోరం అయిపోతుంది, వారిలో ఐదుగురు చేయి ఎత్తితే పదిహేనేళ్లకు పైగా నడిచిన సంఘం రూపం మారిపోతుంది. అక్షరాల ప్రకారం అది చెల్లవచ్చు. కానీ అలాంటి తీర్మానం మీద మరునాడే వివాదం లేస్తుందని చెప్పడానికి జ్యోతిష్యం అక్కరలేదు. బకాయి ఉన్న మిగతా 44 మంది ఇన్నాళ్లుగా ఎన్నికల్లో ఓట్లు వేశారని, సంఘమే దానికి సమ్మతించిందని వాదించే అవకాశం ఉంది. ఆ వాదన నిలుస్తుందో లేదో కోర్టు తేల్చేదాకా మీ కొత్త నిర్మాణం గాలిలో వేలాడుతూ ఉంటుంది.

అందుకే రూపం గురించి చర్చించే ముందు సభ్యత్వ రిజిస్టరును సరిచేయండి. కార్యవర్గం ఒక తీర్మానం చేసి, ఫలానా తేదీలోగా బకాయి చెల్లించినవారందరికీ ఓటు హక్కు ఉంటుందని 63 మందికీ ఒకే రకంగా, చిరునామాకు రాతపూర్వకంగా తెలియజేయాలి. కోశాధికారి రసీదు పుస్తకాన్ని, కౌంటర్‌ఫాయిళ్లను వరుస నంబర్లతో చూపగలిగేలా ఉంచాలి. ఒక పక్షంవారి చందా తీసుకుని, మరో పక్షంవారిని 'పుస్తకం ఇంట్లో మరిచాను' అని వెనక్కి పంపిన సందర్భాలు నా వృత్తి జీవితంలో ఒకటికి రెండుసార్లు చూశాను. ఆ ఒక్క మాట తీర్మానం మొత్తాన్ని దురుద్దేశంతో చేసినదిగా చూపించడానికి పనికొచ్చింది. గడువు దాటాక ఓటర్ల జాబితాను అతికించి అభ్యంతరాలు తీసుకోండి. ఇంతకాలం చెమటోడ్చిన కార్యకర్తలను సభ్యులుగా చేర్చుకోవాలనుకుంటే మంచిదే, కానీ నోటీసు వెళ్లాక కాదు, ముందే, బైలాలు చెప్పిన దరఖాస్తు, ఆమోదం అనే దారిలో చేర్చుకోండి. సమావేశానికి వారం ముందు ఎనభై మందిని ఒక్కసారిగా చేర్చితే, అది ఏ పక్షం చేసినా, కోర్టులో అనుమానంగానే కనిపిస్తుంది.

నోటీసులో 'సంఘ పునర్నిర్మాణంపై చర్చ' అని ఒక్క వాక్యం రాస్తే చాలదు. ఏ బైలా ఏ మాటల నుంచి ఏ మాటలకు మారుతుందో పాఠం జతచేయాలి. 'అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు' అనే చివరి అంశం కింద ఇలాంటి సవరణను తెచ్చిపెట్టడానికి వీల్లేదు. హాజరు పుస్తకంలో సంతకాలు, లెక్కించిన ఓట్లు, వ్యతిరేకించినవారి పేర్లు మినిట్స్‌లోకి (సమావేశ వివరాలు రాసే పుస్తకంలోకి) రావాలి. తరువాత అతికించిన విడి కాగితం మినిట్స్ కాదు. ఆమోదం పొందిన సవరణను రిజిస్ట్రార్ వద్ద దాఖలు చేయాలి. చట్టం కోరే మెజారిటీ, మీ బైలా కోరే మెజారిటీ వేరువేరుగా కనిపిస్తే కఠినమైనదాన్నే పాటించండి.

ఇక ప్రతిపాదనల విషయానికి వస్తాను. కంపెనీ మీద నాకు వ్యతిరేకత లేదు. 2013 నాటి కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 ఇలాంటి లాభాపేక్ష లేని సంస్థల కోసమే ఉంది, పెద్ద నిధులతో అనేక రాష్ట్రాల్లో పనిచేసేవారికి అది సౌకర్యం కూడా. అదే చట్టంలోని సెక్షన్ 366 ద్వారా సొసైటీ కంపెనీగా నమోదు కావడానికి దారి ఉంది. కానీ మీ కార్యదర్శి గారు చెబుతున్నది ఆ దారి కాదు. ముందు సంఘాన్ని రద్దు చేసి, వేరే కంపెనీ పెట్టడం ఆయన ప్రతిపాదన. రద్దు వేరు, మార్పు వేరు. రద్దయిన సంఘం ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు, అది సమాన ఆశయాలున్న సంస్థకే చేరాలి. మీ సంఘానికి ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏబీ రిజిస్ట్రేషన్ (పన్ను మినహాయింపుకు కావలసిన నమోదు) ఉంది కనుక మరో మెలిక కూడా ఉంది. రద్దయిన నెలాఖరు నుంచి పన్నెండు నెలల్లోగా ఆస్తులు అలాంటి రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు చేరకపోతే, 1961 నాటి చట్టంలోని సెక్షన్ 115టీడీ ప్రకారం అప్పులు పోను మిగిలిన ఆస్తుల మార్కెట్ విలువ మీద గరిష్ఠ రేటున పన్ను పడుతుంది. కొత్త కంపెనీకి మొదట వచ్చేది తాత్కాలిక రిజిస్ట్రేషనే, దాని కోసం కూడా దరఖాస్తు చేసుకోవాలి. ఆ ఉత్తర్వు చేతికి రాకముందే ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను, గుర్రపు డెక్క తీసే పడవను కంపెనీకి రాసివ్వకండి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి ఆడిటర్ గారితో మాట్లాడేటప్పుడు ఏ చట్టం నంబరు చెబుతున్నారో అడిగి తెలుసుకోండి.

అంతకంటే పెద్ద ప్రమాదం మీ కేసుకు ఉంది. ట్రైబ్యునల్ ముందు దరఖాస్తుదారు మీ సంఘమే. బాధితులతో పాటు ప్రాతినిధ్య సంస్థలు కూడా దరఖాస్తు చేయవచ్చని 2010 నాటి హరిత ట్రైబ్యునల్ చట్టం చెబుతోంది కనుకనే మీరు అక్కడికి వెళ్లగలిగారు. సంఘం రద్దయితే దరఖాస్తుదారు లేని కేసు మిగులుతుంది. కొత్త కంపెనీని దాని స్థానంలో చేర్చాలని కోరవచ్చు, ట్రైబ్యునల్ అనుమతించవచ్చు కూడా. కానీ ఎదుటి పక్షం ఊరికే కూర్చోదు. అనుమతి రాకపోతే కొత్తగా దరఖాస్తు వేయాల్సి వస్తుంది. సెక్షన్ 14 కింద వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలే గడువు, తగిన కారణం చూపితే మరో అరవై రోజులు. మీ ఆక్రమణ వివాదానికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. పూడ్చిన శిఖం (చెరువు గర్భం) భూమిలో ఇళ్లు కట్టుకుంటూ పోతున్న వారికి మీ రద్దు తీర్మానం కంటే మంచి కానుక ఉండదు. కేసు ముగిసేదాకా రద్దు మాట ఎత్తవద్దన్నది నా స్పష్టమైన సలహా.

ట్రస్టు అయితే ఎన్నికల గొడవ ఉండదన్న మాట నిజమే, సభ్యులకు అడిగే హక్కు కూడా ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో మరో సంగతి మరిచిపోకూడదు. 1882 నాటి ట్రస్టుల చట్టం ప్రైవేటు ట్రస్టులకు సంబంధించినది. ప్రజోపయోగ ధార్మిక సంస్థలు 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం పరిధిలోకి వస్తాయి. చెరువు బాగుచేసే ట్రస్టుకు ధర్మాదాయ శాఖతో పనేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు, నోటీసు అందాక ఆ ఆశ్చర్యం తీరుతుంది.

వార్డు విభాగాల ప్రతిపాదన మీ అవసరానికి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే అది బైలాల సవరణతోనే పూర్తవుతుంది, ఆశయాలు మారవు, రిజిస్ట్రేషన్లు, కేసు యథాతథంగా ఉంటాయి. అయితే 'స్వతంత్ర' అన్న మాట దగ్గర ఆగండి. విభాగానికి విడిగా చట్టపరమైన అస్తిత్వం ఉండదు. అది పెట్టే ప్రతి ఖర్చుకు, చేసే ప్రతి ఒప్పందానికి సంఘమే బాధ్యత వహించాలి. కాబట్టి విభాగం ఎంత వరకు ఖర్చు చేయవచ్చు, డబ్బు ఎవరి సంతకంతో కదులుతుంది, లెక్కలు ఏ తేదీకి కోశాధికారికి చేరాలి, పత్రికలతో, అధికారులతో సంఘం పేరిట ఎవరు మాట్లాడతారు అన్నవి బైలాల్లోనే రాయండి. నిజంగా విడిపోవాలనుకునే విభాగం కనీసం ఏడుగురు సభ్యులతో తనే ఒక సంఘంగా రిజిస్టరు చేయించుకోవచ్చు, దానికి మీ సంఘాన్ని చీల్చనక్కరలేదు. సవరణలో పని పరిధిని కూడా పెంచి కొత్త ఆశయాలు చేర్చితే, అవి పన్ను రిజిస్ట్రేషన్ షరతులకు సరిపోనివైన పక్షంలో, 30 రోజుల్లోగా మళ్లీ దరఖాస్తు చేయాలన్న నియమం ఉంది.

కార్యదర్శి గారి జీతం గురించి మీరు నేరుగా అడగలేదు, బహుశా మొహమాటపడి ఉంటారు. పూర్తికాలం పనిచేసే మనిషికి జీతం ఇవ్వడం తప్పు కాదు. సంస్థను నడిపేవారికి, వారి బంధువులకు సహేతుకమైన ప్రతిఫలానికి మించి చెల్లిస్తేనే పన్ను మినహాయింపుకు చేటు. అయితే మీ బైలాలు కార్యవర్గ పదవులన్నీ గౌరవ పదవులని చెబుతున్నాయి. ఆయన జీతం తీసుకోవాలంటే పదవికి రాజీనామా చేసి ఉద్యోగిగా చేరాలి, లేదా ఆ నిబంధనే మారాలి. రెండింటిలో ఏది జరిగినా ఆ అంశం మీద ఆయన ఓటు వేయకుండా బయట కూర్చోవాలి. ఇది ఆయన నిజాయితీని శంకించడం కాదు, రేపు ఎవరూ శంకించకుండా చూడటం.

వ్యతిరేకించేవారి సభ్యత్వం తీసేస్తామన్న బెదిరింపుకు 1960ల తొలినాళ్లలోనే సుప్రీంకోర్టు సమాధానం చెప్పింది. టి.పి. దావర్ వర్సెస్ లాడ్జ్ విక్టోరియా కేసులో, సంఘం తన నియమాల్లో ఉన్న పద్ధతిలోనే సభ్యుడిని బహిష్కరించగలదని, సద్భావంతో, సహజ న్యాయ సూత్రాలను పాటించి చేసిందా లేదా అన్నదే కోర్టు చూస్తుందని తేల్చింది. నోటీసు, ఆరోపణ, వివరణకు అవకాశం లేకుండా గ్రూపు నుంచి పేరు తొలగించినంత మాత్రాన సభ్యత్వం పోదు, గ్రూపు మాత్రమే పోతుంది.

ఇంత చెప్పినా ఏకపక్షంగా ముందుకు వెళితే, 2001 చట్టంలోని సెక్షన్ 23 ప్రకారం ఏ సభ్యుడైనా మధ్యవర్తిత్వ చట్టం కింద ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. రిజిస్ట్రార్ కార్యాలయంలో ఫిర్యాదు ఇస్తే అక్కడే తేలిపోతుందని అనుకోకండి. ఇద్దరు కార్యదర్శులు రెండు జాబితాలు పట్టుకెళ్తే ఏది నిజమైనదో విచారించి తీర్పు చెప్పే అధికారం రిజిస్ట్రార్‌కు లేదు.

ముందుగా మీరు చేయాల్సింది ఒక ఉత్తరం. పోల్ ఫలితాన్ని కార్యకర్తల అభిప్రాయంగా నమోదు చేస్తున్నామని, సభ్యత్వ జాబితా ఖరారయ్యాక మూడు ప్రతిపాదనలూ ప్రత్యేక సమావేశం ముందు పెట్టాలని కోరుతూ అధ్యక్షులకు రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. ట్రైబ్యునల్‌లో మీ తరఫు న్యాయవాదికి దాని నకలు పంపండి. వచ్చే వాయిదాలో సంఘం తరఫున సంతకం చేసే అధికారం ఎవరిదన్న ప్రశ్న వస్తే, పాత అధికార తీర్మానమే అమలులో ఉందని ఆయన చెప్పగలగాలి.