అబ్బాయి ఎథికల్ హ్యాకింగ్ చదువుతానంటున్నాడు, చట్టం ఏమంటుంది?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది ఒడిశా, గజపతి జిల్లా పర్లాకిమిడి. బజారులో చిన్న మొబైల్ రిపేరు షాపు ఉంది. మా అబ్బాయికి 17 ఏళ్లు, ప్లస్ టూ సైన్సు రెండో సంవత్సరం. ఎథికల్ హ్యాకర్ అవుతానంటున్నాడు. విశాఖపట్నంలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సుకు 85,000 రూపాయలు అడుగుతున్నారు. ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు, ఈఎంఐ కూడా వాళ్లే ఇప్పిస్తారట. నేను బీటెక్ చేయమంటున్నాను. ఇంతలో ఇంకో సంగతి బయటపడింది. వాడు చదివే కాలేజీ మార్కుల వెబ్‌సైట్‌లో రోల్ నంబరు మార్చి వేరే పిల్లల వివరాలు చూశాడట. ఒకటి ఫొటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాడట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కేసు అవుతుందా? వాడిని ఏ చదువులో పెట్టమంటారు?

జవాబు: ముందు మీ నిద్ర సంగతి చూద్దాం.

తన మార్కుల పేజీ తెరిచినప్పుడు బ్రౌజరు పైన కనిపించే అడ్రసు చివర రోల్ నంబరు ఉంది. మీవాడు అందులో ఒక అంకె మార్చి ఎంటర్ కొట్టాడు. ఇంకొకరి మార్కులు వచ్చేశాయి. పాస్‌వర్డు దొంగిలించలేదు, దేన్నీ పాడుచేయలేదు. అలా తెరుచుకునేలా వెబ్‌సైట్ పెట్టడం కాలేజీ లోపమే. అయినా తలుపు గడియ వేయలేదని పక్కింట్లోకి వెళ్లిపోము కదా, చట్టం చూసేదీ అలాగే.

ఐటీ చట్టం, 2000లో 43వ సెక్షన్ ఉంది. యజమాని గానీ, ఆ కంప్యూటరు బాధ్యత చూసేవారు గానీ అనుమతి ఇవ్వకుండా అందులోకి వెళ్లినా, సమాచారం కాపీ చేసుకున్నా నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. ఇది డబ్బుతో తీరే బాధ్యత. అదే పని మోసబుద్ధితోనో, అన్యాయంగా లాభపడాలనో, ఎదుటివారికి నష్టం చేయాలనో చేస్తే 66వ సెక్షన్ కింద నేరం అవుతుంది. దానికి మూడేళ్ల వరకు జైలు గానీ, 5 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కుతూహలం కొద్దీ అంకె మార్చి చూసినదాన్ని మోసబుద్ధి అని నిరూపించడం తేలిక కాదు. నన్ను కంగారు పెట్టింది ఆ ఫొటో. చూసి ఊరుకోవడం వేరు, ఇంకొకరి వివరాలను పదిమందికి పంపడం వేరు. ఆ పిల్లాడి తల్లిదండ్రులు ఫిర్యాదు ఇస్తే పోలీసులు ముందు పట్టుకునేది దాన్నే.

వయసు మీవాడికి అండ. 18 నిండనివారి కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటని నేరాలను 2015 నాటి జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం చిన్న నేరాలుగా చూస్తుంది. అలాంటివాటిలో, పెద్దవాళ్లతో కలిసి చేస్తే తప్ప, మామూలుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు. స్టేషన్ డైరీలో రాసుకుని బోర్డుకు నివేదిక పంపుతారు. లాకప్‌లో పెట్టకూడదు. లెక్కలోకి వచ్చేది పని చేసిన నాటి వయసు. 18 నిండిన మర్నాడు ఇదే పని చేస్తే ఈ రక్షణ ఏదీ ఉండదని అబ్బాయికి స్పష్టంగా చెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. వాడు ఆ వెబ్‌సైట్ జోలికి మళ్లీ వెళ్లకూడదు, సరి చేశారో లేదో చూద్దామని కూడా వెళ్లకూడదు. గ్రూపులో పెట్టిన ఫొటోను ఎవరూ ముందుకు పంపవద్దని చెప్పాలి. ప్రిన్సిపాల్ గారికి ఒక పేజీ ఉత్తరం రాయండి. ఏ రోజు ఏం కనిపించింది, ఎలా కనిపించింది, ఫొటో పెట్టడం తప్పే, లోపం వెంటనే సరిచేయించండి అని ఉన్నది ఉన్నట్టు రాసి, కింద మీ ఇద్దరూ సంతకాలు పెట్టండి. డబ్బు మాట, బహుమతి మాట అందులో ఉండకూడదు. లోపం చెప్పాలంటే ఇంత ఇవ్వండి అన్న వాక్యం రాస్తే బలవంతపు వసూలు కింద కేసు మెడకు చుట్టుకుంటుంది. కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దాచండి. దాన్ని సరిచేసే బాధ్యత కాలేజీది. పట్టించుకోకపోతే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయవచ్చు. ఇలాంటి లోపాల సమాచారం తీసుకోవడం దాని పనుల్లో ఒకటి.

ఇక చదువు. ఎథికల్ హ్యాకర్ అనే మాట ఐటీ చట్టంలో లేదు. లాయరుకు బార్ కౌన్సిల్ నమోదు ఉన్నట్టు ఈ పనికి ప్రభుత్వ లైసెన్సు లేదు. ఏ సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నా, ఇంకొకరి కంప్యూటరు ముట్టుకోవడానికి అది హక్కు ఇవ్వదు. నేరానికీ ఉద్యోగానికీ మధ్య నిలిచేది యజమాని ఇచ్చే రాతపూర్వక అనుమతి. ఆ కాగితంలో ఏ వెబ్‌సైట్లు, ఏ సర్వర్లు పరీక్షించాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏం చేయకూడదు, దొరికిన సమాచారం ఎవరికి అప్పగించాలి, అన్నీ ఉంటాయి. సంతకం పెట్టినవారికి ఆ అధికారం ఉందో లేదో కూడా చూసుకోవాలి. గుమాస్తా ఫోన్‌లో సరే అంటే చాలదు. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించిన కంప్యూటర్ల విషయంలో అయితే 70వ సెక్షన్ ఉంది. లోపలికి వెళ్లే ప్రయత్నం చేసినా పదేళ్ల వరకు జైలు.

ఆరు నెలల్లో టూల్స్ నొక్కడం నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ కాగితం సంగతి నేర్పేవాళ్లు తక్కువ. అందుకే నా ఓటు మీవైపే, డిగ్రీకే. నెట్‌వర్కులు, లినక్స్, ప్రోగ్రామింగ్, డేటాబేస్‌లు తెలియకుండా సెక్యూరిటీలో ఎక్కువ దూరం పోలేరు. బీటెక్ కంప్యూటర్ సైన్స్ అయితే మంచిది, బీసీఏ అయినా ఫర్వాలేదు. పర్లాకిమిడి వాళ్లం దేనికైనా పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, విశాఖ వైపే చూస్తాం. కానీ ఒడిశాలో చదివిన పిల్లవాడు ఆంధ్రాలో స్థానిక అభ్యర్థి కాడు. మన వైపు బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద ఒడిశా ప్రభుత్వ ఓజేఈఈ కౌన్సెలింగ్‌లో ఇస్తారు. బరంపురంలోనే పరళా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, అది ప్రభుత్వ కాలేజీ. తహసీల్దారు ఆఫీసు నుంచి రెసిడెంట్ సర్టిఫికెట్ ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. బీసీఏ అనుకుంటే 2024-25 నుంచి ఆ కోర్సు కూడా సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చింది కాబట్టి అనుమతి ఉందో లేదో చూడండి. డిగ్రీ ఇచ్చే హక్కు చట్టప్రకారం యూనివర్సిటీకే ఉంటుంది గానీ ఇన్‌స్టిట్యూట్‌కు ఉండదు. బీటెక్ తర్వాత కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీ-డాక్‌లో సెక్యూరిటీ పీజీ డిప్లొమా ఉంది, దానికి సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

సర్టిఫికెట్లు వద్దనడం లేదు, డిగ్రీ మూడో ఏడాదిలో చూసుకోవచ్చు. సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) అనే సర్టిఫికెట్ రాతపరీక్షలో 125 ప్రశ్నలు, నాలుగు గంటలు. ఓఎస్‌సీపీ అనే ఇంకో సర్టిఫికెట్ పరీక్షలో దాదాపు 24 గంటలు, పరీక్ష కోసం ఇచ్చిన మెషీన్లలోకి నిజంగా ప్రవేశించి చూపించాలి, ఆ తర్వాత రిపోర్టు రాయాలి. రెండో దాని బరువు వేరు. ఈలోగా మీవాడి చేతి దురద తీర్చడానికి ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల ఎథికల్ హ్యాకింగ్ పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, పరీక్ష రాస్తేనే ఫీజు. సాధన కోసమే లోపాలతో తయారుచేసిన జ్యూస్ షాప్ లాంటివి ఇంట్లో కంప్యూటరులోనే నడుపుకోవచ్చు. దాన్ని ఎంత పగలగొట్టినా ఎవరూ ఫిర్యాదు ఇవ్వరు. లోపం కనిపెట్టి చెప్పినవారికి కంపెనీలే బహుమతి ఇచ్చే బగ్ బౌంటీలకు వెళ్తే, వాళ్లు రాసిన హద్దుల్లోపలే వెతకాలి. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే, అప్పట్లో మన దేశానికి పై కోర్టు అయిన లండన్ ప్రివీ కౌన్సిల్ చెప్పింది. అందుకని 18 నిండేదాకా ఆ నియమాలు మీరు కూడా చదివి, మీ సమ్మతితోనే చేయనివ్వండి.

ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఈఎంఐ ఫీజు వాయిదా కాదు. అది మీ పేరున తీసుకునే అప్పు. డబ్బు మొత్తం మొదటి రోజే వాళ్ల ఖాతాకు వెళ్తుంది. రెండో నెలలో క్లాసులు ఆగిపోయినా ఫైనాన్స్ కంపెనీ వాయిదా అడుగుతూనే ఉంటుంది. బ్యాంకు ఆటో డెబిట్ తిరిగొస్తే మీ మీదే క్రిమినల్ ఫిర్యాదు వేయవచ్చు. సిబిల్ స్కోరు పడిపోతే రేపు బీటెక్‌కు విద్యారుణం అడిగేటప్పుడు అడ్డం వస్తుంది. ఉద్యోగం గ్యారంటీ అనే ప్రకటనలను కోచింగ్ రంగంపై 2024 నవంబరులో వచ్చిన వినియోగదారుల మార్గదర్శకాలు నిషేధించాయి. ఆ కరపత్రం, వాట్సాప్ మెసేజీలు దాచి ఉంచండి. ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. దావా వేయాల్సి వచ్చినా విశాఖ తిరగనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్లలోపు వేయవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఒరిజినల్ మార్కుల పత్రాలు మాత్రం అడ్మిషన్ పేరుతో అక్కడ వదలొద్దు, జిరాక్సులు ఇవ్వండి.

ఇంకా సంతకం పెట్టలేదంటే, ఆ లోన్ కాగితం మొత్తం చదివి వినిపించమని అబ్బాయినే అడగండి. ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం మాత్రం ఈ వారంలోనే ఇచ్చేయండి.