సినిమా సందేహాలు: గాడ్జిల్లా నిడివి ఎందుకు తగ్గింది?

ప్రశ్న: ‘కింగ్‌కాంగ్ వర్సెస్ గాడ్జిల్లా’ నిడివి ఒకచోట 97 నిమిషాలని, ఇంకోచోట 91 అని, మరోచోట 74 అని ఉంది. ఏది అసలుది? (తెనాలి)

జవాబు: 97 నిమిషాలదే. 1962లో తోహో సంస్థ జపాన్‌లో విడుదల చేసింది అదే. మరుసటి ఏడాది అమెరికా వాళ్లు కొన్ని సన్నివేశాలు తీసేసి, ఇంగ్లీషులో వార్తలు చెప్పే ఘట్టాలు అతికించి, సంగీతం చాలావరకు మార్చి 91 చేశారు. 74 నిమిషాలది 1970లో పిల్లల కోసం కత్తిరించింది.

జపాన్‌లో 1958లో సుమారు 112 కోట్ల సినిమా టికెట్లు తెగాయి. 1970 నాటికి అవి పాతిక కోట్లకు పడిపోయాయి. టీవీ వచ్చాక పెద్దవాళ్లు హాలుకు రావడం తగ్గించారు. బడి సెలవుల్లో పిల్లలు మాత్రం వచ్చేవారు. వాళ్ల కోసమే తోహో 1969 డిసెంబరు నుంచి శీతాకాలం, వసంతం, వేసవి సెలవులకు ‘చాంపియన్ మత్సురి’ మొదలుపెట్టింది. మత్సురి అంటే మన తిరునాళ్ల లాంటిది. ఒకే టికెట్‌కు ఒక రాకాసి జంతువు సినిమా, దానితోపాటు కార్టూన్లు, టీవీ వీరుల కథలు. ఇవన్నీ ఒక్క ఆటలో పట్టాలి, పిల్లలు అంతసేపూ కుదురుగా కూర్చోవాలి. అందుకే పాత సినిమాలను తగ్గించి మళ్లీ వేసేవారు; ఆ 74 నిమిషాలది అలా వచ్చిందే.

బాధ కలిగించేది ఏమిటంటే, ఈ సినిమాకు ఆ కోత అసలు నెగటివ్ మీదే, అంటే ప్రతులన్నిటికీ మూలమైన ఫిల్మ్ మీదే పడింది. ఆ 23 నిమిషాలకు నాణ్యమైన మూలం దొరక్క, పూర్తి నిడివి ప్రతుల్లో చాలాకాలం బొమ్మ ఒక్కోచోట మసకబారేది. 2016లో 4కే (చాలా ఎక్కువ స్పష్టత) పునరుద్ధరణతో అది చక్కబడింది. డిస్క్ కొనేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి: పాల్ అనే టీవీ పద్ధతికి తగ్గట్టు చేసిన డీవీడీలో సెకనుకు 24 బదులు 25 ఫ్రేములు తిరుగుతాయి కనుక 97 నిమిషాలది 93గా కనబడవచ్చు. అది కోత కాదు.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. మొదట ఏ గాడ్జిల్లా చూపించాలి? (వరంగల్)

జవాబు: 1954 నాటి మొదటిది ఇప్పుడే వద్దు. అందులో క్షతగాత్రులతో నిండిన ఆసుపత్రి, చావు ముంగిట పిల్లల్ని పొదువుకున్న తల్లి ఉంటారు. అది యుద్ధం చూసిన పెద్దల సినిమా.

‘ఆల్ మాన్‌స్టర్స్ అటాక్’తో మొదలుపెట్టండి. తొలి చాంపియన్ మత్సురికి తీసిన ఈ సినిమా 70 నిమిషాలే. కథానాయకుడు ఇచిరో, కవాసాకి అనే నగరంలో ఫ్యాక్టరీల మధ్య పెరిగే పిల్లవాడు. అమ్మానాన్నలిద్దరూ పనికి పోతారు, తాళంచెవి వాడి దగ్గరే. ఇలాంటి పిల్లల్ని జపాన్‌లో ‘కగిక్కో’ అనేవారు. వీధిలో ఏడిపించే కుర్రాళ్లకు భయపడి కలలో రాక్షస ద్వీపానికి వెళ్తాడు. అక్కడి రాకాసుల పోరాటాలు చాలావరకు 1966, 1967 నాటి గాడ్జిల్లా సినిమాల నుంచి తెచ్చి అతికించినవే. ఆ సంగతి పట్టుకుని దీన్ని తీసిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దర్శకుడు ఇషిరో హోండా ఒంటరి పిల్లవాడి సాయంత్రాన్ని ఇంత శ్రద్ధగా చూపించాడు, అది చాలు.

ఇంగ్లీషు డబ్బింగులో గాడ్జిల్లా కొడుకు మినిల్లాకు మొద్దు గొంతు పెట్టి పాత్రను చెడగొట్టారు. జపనీస్ ఆడియో పెట్టి, పక్కన కూర్చుని సబ్‌టైటిల్స్ తెలుగులో చెబుతూ చూపించండి.