ఓటరు ఐడీ చట్టాన్ని వ్యతిరేకిస్తే గ్రీన్ కార్డుకు ముప్పా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. నాకు రెండేళ్ల కిందట అమెరికా పౌరసత్వం వచ్చింది. నా భార్యది ఇంకా గ్రీన్ కార్డే, తమ్ముడు హెచ్-1బి మీద ఉన్నాడు. ఓటరుగా నమోదు కావాలంటే పాస్‌పోర్టో బర్త్ సర్టిఫికెట్టో చూపించాలనే బిల్లుల గురించి వింటున్నాం. వాటిని వ్యతిరేకిస్తూ మా తెలుగు సంఘం తరఫున సంతకాలు సేకరించాలని, పనిలో పనిగా ఓటర్ల నమోదు కూడా చేపట్టాలని అనుకుంటున్నాం. ఇంట్లో ఒకటే టెన్షన్. దీనివల్ల మావాళ్ల గ్రీన్ కార్డుకో వీసాకో ఇబ్బంది వస్తుందా? అసలు మా సంతకాలకు విలువ ఉంటుందా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ ‘పనిలో పనిగా’ అన్న మాట. టెక్సస్‌లో జనం నింపిన నమోదు దరఖాస్తులు తీసుకుని ఆఫీసుకు అందజేయాలంటే, కౌంటీ దగ్గర వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్‌గా నియామకం పొందాలి. ఆ నియామకం అమెరికా పౌరులకే ఇస్తారు. మీరు తీసుకోవచ్చు, మీ భార్యకు, తమ్ముడికి కుదరదు. ఖాళీ ఫారాలు ఎవరైనా పంచవచ్చు. నింపిన ఫారం మాత్రం నియామకం ఉన్నవాళ్లే పట్టుకోవాలి. జనం సందడిలో ఈ తేడా ఎవరికీ గుర్తుండదు కాబట్టి ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోండి.

ఇంకో మాట. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ‘ఓటరుగా నమోదు అవుతారా’ అన్న చోట తొందరలో టిక్ పెట్టి చిక్కుల్లో పడ్డ గ్రీన్ కార్డువాళ్లు ఉన్నారు. పౌరులు కానివాళ్లు పౌరులమని చెప్పినా, ఫెడరల్ ఎన్నికల్లో ఓటేసినా అది డిపోర్టేషన్ దాకా వెళ్లవచ్చు. పౌరసత్వానికి పెట్టే ఎన్-400లో కూడా ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అని అడుగుతారు. మీ ఇంట్లో అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

ఇక నిరసన సంగతి. మాట్లాడే హక్కు, గుమిగూడే హక్కు, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ ఇచ్చినవి. అవి పౌరులకే పరిమితం కాదు. మీ భార్య విజ్ఞప్తి మీద సంతకం చేయవచ్చు, ర్యాలీకి రావచ్చు, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో శాసనసభ కమిటీ విచారణకు వెళ్లి బిల్లు వద్దని చెప్పవచ్చు. అభ్యర్థికి విరాళం ఇవ్వాలన్నా ఫెడరల్ చట్టం గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను ఆపదు. మీ తమ్ముడు మాత్రం ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. జీతం లేకుండా వాలంటీరుగా పని చేయవచ్చు. కాగితం మీద అతని వాక్‌స్వాతంత్ర్యం కూడా మీలాంటిదే. కానీ వీసా రద్దు చేసే అధికారం ప్రభుత్వం చేతిలో ఉంది. శిక్ష పడకపోయినా అరెస్టు ఒక్కటే అందుకు కారణం కావచ్చు. 2025లో కొందరు విదేశీ విద్యార్థుల వీసాలు నిరసనల విషయంలో రద్దవడం చూశాం. అతన్ని ఉత్తరాలు రాయమనండి. రోడ్డు మీద బైఠాయింపుల్లాంటి వాటికి వెళ్లనివ్వకండి.

సంతకాల విలువకు వస్తే, టెక్సస్‌లో జనమే సంతకాలు పోగుచేసి ఒక అంశాన్ని రాష్ట్రమంతటా ఓటింగ్‌కు పెట్టించే పద్ధతి లేదు. 2012లో మిన్నెసోటాలో, 2022లో అరిజోనాలో, 2025లో మెయిన్‌లో ఓటేసేటప్పుడు చూపించే ఐడీ నిబంధనను కఠినం చేసే ప్రతిపాదనలు బ్యాలెట్‌కు వస్తే ఓటర్లే తిప్పికొట్టారు. అదే 2025లో విస్కాన్సిన్ ఓటర్లు ఐడీ నిబంధనను రాజ్యాంగంలోనే చేర్చారు, కాబట్టి జనం మనవైపే ఉంటారన్న ధీమా పనికిరాదు. మీ దగ్గర ఆ సంతకాలు కేవలం విజ్ఞప్తి. వాటిని ఇవ్వాల్సింది మీ రాష్ట్ర శాసనసభ ప్రతినిధి ఆఫీసులో. టెక్సస్ శాసనసభ మామూలు సమావేశాలు బేసి సంఖ్య సంవత్సరాల్లో జనవరి నుంచి 140 రోజులే. ఆ లోపు వెళ్లకపోతే లాభం లేదు. ఫెడరల్ స్థాయిలో, ఓటరు నమోదుకు పౌరసత్వ రుజువు అడిగే సేవ్ యాక్ట్ అనే బిల్లును ప్రతినిధుల సభ 2025 ఏప్రిల్‌లో ఆమోదించింది. ఇలాంటి బిల్లు సెనేట్‌లో ముందుకు కదలాలంటే మామూలుగా 60 ఓట్లు కావాలి. అక్కడ మీ ఇద్దరు సెనేటర్లకు రాయండి.

కోర్టుకు వెళ్తే చట్టం పోదా అని మీవాళ్లలో ఎవరో ఒకరు అంటారు. ఓటేసేటప్పుడు ఫోటో ఐడీ చూపించాలన్న ఇండియానా చట్టాన్ని 2008లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. దానివల్ల ఎవరు ఎంత నష్టపోయారో చూపించే సాక్ష్యం సరిపోలేదన్నది అక్కడ పెద్ద లోటు. అలాంటిదే అయిన టెక్సస్ 2011 చట్టం మీద వేసిన కేసులో మాత్రం, ఆ చట్టం అడిగిన ఐడీ లేని నమోదిత ఓటర్లు దాదాపు 6 లక్షల మంది అని ట్రయల్ కోర్టు తేల్చింది. ఆ చట్టం కింద తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, యూనివర్సిటీ ఐడీ చెల్లదు! చట్టం మొత్తం పోలేదు గానీ ఒక మెట్టు దిగింది. సరైన కారణంతో ఐడీ సంపాదించుకోలేనివాళ్లు ఆ సంగతి రాసి సంతకం పెట్టి, కరెంటు బిల్లులాంటిది చూపించి ఓటు వేయవచ్చు.

అందుకే వంద సంతకాల కంటే పది అనుభవాలు రాయించండి. మనవాళ్లకు వాటికి కొదవ లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది, లైసెన్సులో వెనక్కి పోతుంది, పెళ్లయ్యాక ఒక కాగితంలో మారి ఇంకోదాంట్లో మారదు. పౌరసత్వం రుజువు చేయమన్నప్పుడు తగిలేవి ఇవే. రియల్ ఐడీ (ఫెడరల్ ప్రమాణాల ప్రకారం ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సు) ఉందిగా అంటారు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ అది ఇస్తారు కాబట్టి అదొక్కటే రుజువు కాదు. పాస్‌పోర్టు మొదటిసారి తీసుకోవాలంటే 165 డాలర్లు. ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం దగ్గర ఆగిపోయారు, ఎంత ఖర్చయింది అని తేదీలతో, సంతకంతో రాయించి కాపీలు భద్రపరచండి. కమిటీ ముందు చదవడానికి, రేపు ఎవరైనా కేసు వేస్తే ఇవ్వడానికి అవే పనికొస్తాయి.

మీ సంఘం 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న స్వచ్ఛంద సంస్థగా నమోదై ఉంటే బిల్లు వద్దని పరిమితంగా లాబీయింగ్ చేయవచ్చు. ఫలానా అభ్యర్థికి ఓటెయ్యండి, వెయ్యకండి అని మాత్రం సంఘం పేరు మీద ఒక్క వాట్సాప్ మెసేజ్ కూడా పోకూడదు. అన్నట్టు, మీ ఓటరు కార్డులో పేరు, లైసెన్సులో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ రాత్రే చూసుకోండి.