పోపులో వేసిన ఆవాలకు లేని ఘాటు, ఆవపెట్టిన కూరకు ఎక్కడిది?

గింజ అవే, తేడా అంతా నీళ్లలో ఉంది. ఎండు ఆవగింజను అలాగే వాసన చూడండి, ఏమీ ఉండదు. అందులో సినిగ్రిన్ అనే పదార్థమూ, మైరోసినేస్ అనే ఎంజైమూ వేర్వేరు అరల్లో ఉంటాయి. గింజ నలిగి తడి తగిలితే రెండూ కలిసి ఘాటైన నూనె పుడుతుంది. మిరపకారం నాలుకను పట్టుకుంటుంది. ఆవఘాటు ఆవిరయ్యే రకం కాబట్టి నేరుగా ముక్కుకెక్కుతుంది.

కాగిన నూనెలో పడితే ఘాటు పుట్టకముందే ఎంజైము చచ్చిపోతుంది. మిగిలేది చిటపట, కమ్మని వేపుడు వాసన.

అందుకే పనసపొట్టు కూరకైనా, కంద బచ్చలికైనా ఆవముద్దను పొయ్యి మీద కలపకూడదు. మా అమ్మమ్మ కూర దించి, కాస్త చల్లారాకే కలిపేది. "పొయ్యి మీద పెడితే ఆవ చస్తుందే" అనేది. ఎంజైము పేరు ఆవిడకు తెలియదు, సంగతి మాత్రం తెలుసు! మినప్పప్పు, ఎండుమిర్చి పోపు వేరే, ఆవ వేరే.

ఆవకాయ పేరులోనే ఆవ ఉంది. అందులో మామిడి ఊట ఆవపిండిని తడుపుతుంది. పచ్చడి కలిపేటప్పుడు కళ్లు మండేది కారం వల్లే అనుకుంటాం గానీ, సగం పాపం ఆవపిండిదే.

ఇక మాటల్లో ఆవగింజ చిన్నతనానికే కొలత: "ఆవగింజలో అరవయ్యో వంతు" కూడా సిగ్గు లేదంటాం. కోపిష్టి మనిషి చిటపటలాడటం మాత్రం పోపు గరిటెలోంచి వచ్చినట్టే వినిపిస్తుంది నాకు.